అద్దుడు కాగితం మీద చుక్క

కేశవులు చెడ్డవాడు కాడు. పని తెలిసినవాడు. చిక్కంతా ఆ తెలియడం దగ్గరే వచ్చింది.

బుధవారం పొద్దున కరుణమ్మ టీచరు అంబాసిడర్ కారు షెడ్డు ముందు ఆగేసరికి అతను చేతిలో పానా కింద పెట్టి నిలబడిపోయాడు. ఆ కారుకు అతను ఆయిలు మార్చి పన్నెండు రోజులే అయింది. ఆరు నెలల దాకా అది షెడ్డు మొహం చూడాల్సిన పని లేదు. టీచరు దిగి తలుపు వేసేలోపే ఇంజను కింద మట్టి మీద నాలుగు నల్ల చుక్కలు పడ్డాయి.

మైదుకూరులో ప్రొద్దుటూరు రోడ్డు పక్కన ఉన్న ఆ రేకుల షెడ్డు పీరా మేస్త్రిది. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి. ఆయన గొప్పతనం చెప్పమంటే నేను ఒక్క మాటే చెబుతాను. ఆయన బాగు చేసిన బండి వాళ్లకు ఏడాది దాకా ఆయన పేరు గుర్తుండదు. గుర్తు చేసుకునే అవసరం రాదు. పెద్ద పెద్ద ఊళ్లలో మెకానిక్కులు వదిలేసిన పాత కార్లు కూడా తాళ్లు కట్టించుకుని ఆయన దగ్గరికి వచ్చేవి, తమంతట తాము నడిచి వెళ్లేవి.

ఆయనకు ఒక అలవాటు ఉంది. ఏ బండికైనా ఆయిలు మార్చే ముందు, ఆయిలు కొలిచే గేజీ కడ్డీ లాగి, దాని కొనన ఉన్న ఆయిలు ఒక్క చుక్క గులాబీ రంగు అద్దుడు కాగితం మీద వేస్తాడు. దాన్ని తీగకు వేలాడదీస్తాడు. ఆరిన తర్వాత కింద బండి పేరు, తేదీ, తిరిగిన కిలోమీటర్లు, పోసిన ఆయిలు, పోసినవాడి పేరు రాసి ట్రంకు పెట్టెలో దాస్తాడు. ముప్పై ఏళ్ల కిందట మిషన్ స్కూల్లో పిల్లలు ఇంకు పెన్నులు మానేసినప్పుడు బీరువాలో రెండు దిండ్లంత అద్దుడు కాగితాలు మిగిలిపోతే, చేతులు తుడుచుకోవడానికి పనికొస్తాయని కరుణమ్మ టీచరే ఇచ్చింది. ఆయన వాటితో చేతులు తుడుచుకోలేదు.

కేశవులు ఆ షెడ్డులోనే ఎనిమిదేళ్లు పని నేర్చుకున్నాడు. తర్వాత బెంగుళూరులో పెద్ద షోరూములో నాలుగేళ్లు చేశాడు. మేస్త్రికి చూపు మందగించిందని తెలిసి, జీతం వదులుకుని తిరిగొచ్చాడు. ముప్పై మూడేళ్లవాడు. షెడ్డు ఇక నీదే అని మేస్త్రి నోటితో ఎన్నడూ అనలేదు గానీ, ఊరంతా అనుకునేది అదే, కేశవులు పగలూ రాత్రీ కోరుకునేదీ అదే. ఆయన చేతుల మీదుగా తీసుకోవాలి, తగినవాడివే అనిపించుకోవాలి. ఇంకే ఆశా లేదు అతనికి.

బెంగుళూరు నుంచి వచ్చాక అతనికి ఆ కాగితాలు నవ్వు తెప్పించేవి. ఆయిలు డబ్బా మీద అంకెలూ అక్షరాలూ పంచాంగం చదివినట్టు చదవగలవాడు, చుక్కలు చూసి జాతకాలు చెప్పడం ఏమిటి అనుకునేవాడు. పైకి అనేవాడు కాదు. మేస్త్రి అంటే అంత గౌరవం.

పన్నెండు రోజుల కిందట, శుక్రవారం నాడు, మేస్త్రి కడపలో కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించుకోవడానికి వెళ్లాడు. ఆ సాయంత్రమే టీచరు కారు ఆయిలు మార్పుకు వచ్చింది. కేశవులు గేజీ లాగి చూస్తే ఆయిలు కాటుకలా ఉంది. ఈ కారుకు ఇన్నాళ్లూ ఎంత అన్యాయం జరిగిందో అనిపించింది. లోపల కడగడానికి ఉండే పలచటి ఆయిలు పోసి, ఇంజను కాసేపు తిప్పి, అంతా వంచేశాడు. తర్వాత షోరూములో కొత్త కార్లకు పోసే ఖరీదైన సింథటిక్ ఆయిలు, నీళ్లలా జారేది, నాలుగు లీటర్లు పోశాడు. తేడా తనే భరించాడు. చుక్క వేయలేదు. పారబోసే ఆయిలుకు జాతకం ఎందుకులే అనుకున్నాడు.

మొదటి వారం ఇంజను కుట్టుమిషన్‌లా నడిచింది. టీచరు మెచ్చుకుంది. కేశవులు రెండు రోజులు కాలర్ ఎగరేసుకుని తిరిగాడు.

ఇప్పుడు ఆ టీచరే లోపలికి వచ్చి సంగతి చెప్పింది. ఆమె భర్త దేవసహాయం సారుకు రెండు కిడ్నీలూ పాడైపోయాయి. మంగళవారం, శుక్రవారం ప్రొద్దుటూరు తీసుకుపోయి డయాలసిస్ చేయించాలి. నడుము పట్టేసి ఆయన కూర్చోలేడు. వెనక సీటులో పడుకోబెట్టి తీసుకుపోవడానికి కుదిరే కారు, ఆమెకు అందుబాటులో ఉన్నది, ఈ ముప్పై ఆరేళ్ల అంబాసిడర్ ఒక్కటే. నిన్న తిరుగు ప్రయాణంలో కుందూ వంతెన మీద బండి నెమ్మదించినప్పుడు ఎర్రగా ఆయిలు లైటు వెలిగి ఆరింది. తర్వాత మళ్లీ వెలిగింది.

మేస్త్రి ఆ పూటే, పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి, షెడ్డుకు వచ్చి ఉన్నాడు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని గోడవార స్టూలు మీద కూర్చున్నాడు. వంగకూడదు, దుమ్ము తగలకూడదు, బరువెత్తకూడదు అని డాక్టరు చెప్పాడు. ఇంట్లో కూర్చోమని కూడా చెప్పాడు గానీ అది ఆయనకు వినపడలేదు.

“ఎల్లుండి పొద్దున ఆరింటికి బయల్దేరాల, అన్నా. అవుతాదా?” అని టీచరు ఆయన్ను అడిగింది.

మేస్త్రి మొహం తిప్పకుండానే చెప్పాడు. “కేశవుల్ని అడుగు, టీచరమ్మా.”

కేశవులు పానా మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. అవుతాది అన్నాడు. ఎలా అవుతుందో అతనికే తెలియదు.

టీచరు ఆటో ఎక్కి వెళ్లాక అతను స్టూలు దగ్గరికి వచ్చి జరిగిందంతా చెప్పేశాడు. దాచలేదు. ఏ ఆయిలు పోశాడో, ఎందుకు పోశాడో, ఎంత మంచి ఆయిలో, డబ్బా మీద ఏం రాసుందో అన్నీ చెప్పాడు. తిట్లకు సిద్ధపడే చెప్పాడు. పన్నెండేళ్ల కిందట నట్టు ఎక్కువ బిగించినందుకు తిన్న తిట్లు అతనికి ఇంకా గుర్తున్నాయి. ఆ తిట్లు ఇప్పుడు పడితే బాగుండునని కూడా అనిపించింది.

మేస్త్రి అంతా విని ఒకటే అడిగాడు.

“చుక్క వేసినావా?”

“లేదు.”

“ఇప్పుడు వెయ్యి.”

కేశవులు గేజీ లాగాడు. పన్నెండు రోజుల కిందట తేనె రంగులో మెరిసిన ఆయిలు నల్లగా ఉంది. కాగితం మీద ఒక్క చుక్క వేసి తీగకు తగిలించాడు. తర్వాత జాకీ తెచ్చి, ఇంజను అడుగున ఆయిలు నిలిచే చాంబరు విప్పుతానన్నాడు.

“కూర్చో,” అన్నాడు మేస్త్రి.

“ఎంతసేపు?”

“అది నిలబడేదాకా.”

కేశవులు సిమెంటు గచ్చు మీద కూర్చుని చుక్కను చూడసాగాడు. పని లేకుండా ఆ షెడ్డులో అతను అంతసేపు కూర్చోవడం అదే మొదలు. రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. చుక్క ముందు శనగగింజంత ఉండి, తర్వాత రూపాయి బిళ్లంత అయింది. చూస్తుండగానే అరచేయంత పాకింది. నలుపు మధ్యలో ఆగలేదు. ఆయిలు ఎంత దూరం పోయిందో నలుపు అంత దూరమూ దాన్ని పట్టుకుని పోయింది. అంచు దాకా ఒకటే ముదురు బూడిద రంగు.

ఎంతో సేపటికి కేశవులు నెమ్మదిగా అన్నాడు. “ఆయిలు మంచిదే, మేస్త్రీ.”

“మంచిదే,” అన్నాడాయన.

“లోపలున్న మడ్డినంతా ఒక్కసారే ఊడదీసుకొని వచ్చింది.”

మేస్త్రి తల ఊపాడు. కాగితం కింద రాయమన్నాడు. కేశవులు బండి పేరు, తేదీ, కిలోమీటర్లు, ఆయిలు పేరు రాశాడు. పోసినవాడు అన్న చోట పెన్ను ఆగింది. ఆ నల్లటి మరక కింద తన పేరు ట్రంకు పెట్టెలో ఎల్లకాలం ఉండిపోతుంది. తను పోయాక కూడా ఎవరో ఒకరు చూస్తారు. పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. మేస్త్రి చూశాడో లేదో నల్లద్దాల వెనక తెలియలేదు.

“టీచరమ్మ కట్ట తీయి,” అన్నాడు తాళంచెవి ఇస్తూ.

ట్రంకు పెట్టెలో కట్టలు కట్టలుగా కాగితాలు, ఒక్కో బండికి ఒక్కో కట్ట. టీచరు కట్ట కోసం అడుగు దాకా వెతికితే, అన్నిటికంటే కింద, ప్లాస్టిక్ కవరులో ఒంటరిగా ఒక కాగితం కనిపించింది. ముప్పై ఏళ్ల కిందటి తేదీ. మధ్యలో గడ్డకట్టినట్టు నల్లటి బొట్టు, చుట్టూ పలచటి ఆయిలు వలయం, నలుపు ఒక్క వెంట్రుకంత కూడా కదల్లేదు. కింద ఫియట్ టాక్సీ అని ఉంది. చిక్కటి ఆయిలు పోసినట్టు ఉంది. దాని కింద, అక్షరాలు అప్పుడే నేర్చుకున్నవాడి రాతలా, పోసినవాడు పీరా అని ఉంది. చివర ఒక ముక్క చేర్చి ఉంది: ఇంజను పట్టేసింది, బండి మళ్లీ తిరగలేదు.

కేశవులు ఆ కాగితం వైపు చాలాసేపు చూశాడు. ఈ అలవాటు ఎక్కడ మొదలైందో ఎనిమిదేళ్లు ఆయన దగ్గర పని నేర్చుకుని కూడా అతను ఎన్నడూ అడగలేదు. కాగితాన్ని మళ్లీ కవరులో పెట్టి, ఉన్నచోటే ఉంచాడు. జేబులోంచి పెన్ను తీసి, తీగ దగ్గరికి వెళ్లి, మరక కింద ఖాళీగా వదిలిన చోట తన పేరు రాశాడు.

టీచరు కట్టలో ఇరవై రెండు కాగితాలున్నాయి. ఏడాదికి రెండు చొప్పున పదకొండేళ్లవి. కేశవులు వాటిని బల్ల మీద వరసగా పరిచి, ఇక ఏ ఆయిలు పోయాలో చెప్పమని మేస్త్రిని పిలిచాడు. ఆయన స్టూలు మీద నుంచి లేవలేదు.

“నా కంటికి పన్నెండు దినాల వయసు, కేశవులూ. నీ ఆయిలుకూ అంతే. ఇన్నాళ్లూ నేను ఆ మరకల్ని పసుపు పట్టిన కంటితో చూసినా. ఏది పసుపో ఏది తెలుపో ఇప్పుడు నాకే అనుమానంగా ఉండాది. నువ్వే చూడు.”

అంత పెద్ద మేస్త్రి, అంత పొరపాటు చేసినవాడి ముందు, తన చూపును తానే అనుమానించుకుంటున్నాడు. కేశవులు బల్ల మీదికి వంగాడు. చూడడం మొదలుపెట్టాడు.

మొదటి కాగితంలో మధ్యన ముద్దలాంటి నలుపు. మిషన్ స్కూలు వాళ్లు ఎన్నో ఏళ్లు వాడి, సరిగా ఆయిలు కూడా మార్చకుండా టీచరుకు అమ్మేసిన కారు అది. రెండో కాగితంలో ఆ ముద్ద అంచు కొద్దిగా కరిగింది. మూడోది రెండోదానికి కవలలా ఉంది. ఎనిమిదోదానికి నలుపు బయటికి నడవడం మొదలుపెట్టింది. పద్నాలుగోది వచ్చేసరికి మధ్యలో ముద్ద సగానికి తగ్గింది. ఇరవై రెండోది, ఆరు నెలల కిందటిది, మధ్యలో చిన్న చుక్క, దాని చుట్టూ పొగ రంగు. కింద ప్రతిసారీ ఆయిలు ఒక్కటే. తేడా అల్లా ఒక్కటే, టీచరు ఏడాదికి ఒకసారి చాలనుకునే మార్పును మేస్త్రి రెండుసార్లు చేశాడు.

కేశవులు మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా మళ్లీ ఒకసారి నడిచాడు. తను ఒక్క సాయంత్రంలో చేద్దామనుకున్న పని అదే. మేస్త్రి దాన్ని పదకొండేళ్లుగా చేస్తున్నాడు. ఎవరికీ చెప్పలేదు. ఇంకో నాలుగేళ్లకు అయిపోయేదేమో. అంతకుముందు తను ఆ కాగితాలను చూసి నవ్వుకున్నది గుర్తొచ్చి, సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

గురువారం పొద్దున చాంబరు దించాడు. అడుగున, నెయ్యి కాచిన గిన్నెలో మిగిలినట్టు, వేలు లోతున నల్లటి మడ్డి. ఆయిలు పీల్చుకునే జల్లెడలో మూడు వంతులు మూసుకుపోయి ఉంది. ఇన్నేళ్లు ఎక్కడికక్కడ అతుక్కుని, అరిగిన సీళ్ల సందులు కూడా తానే మూసి ఉంచిన మడ్డి, కదిలి వచ్చి అక్కడ చేరింది. సందులు తెరుచుకుని ఆయిలు కారింది. ఇంకొక్క ప్రయాణం అయి ఉంటే జల్లెడ పూర్తిగా మూసుకునేది. వెనక సీటులో సారు, ముందు టీచరు, కుందూ వంతెన. కేశవులు చేతులు కడుక్కుని వెళ్లి రెండు గ్లాసుల నీళ్లు తాగాడు.

రోజంతా పని చేశాడు. జల్లెడ కడిగాడు, చాంబరు కడిగాడు, సీళ్లు మార్చాడు, కొత్త ఫిల్టరు వేశాడు. సాయంత్రం కొట్టుకు వెళ్లి నాలుగు లీటర్ల డబ్బా తెచ్చి మేస్త్రి ముందు పెట్టాడు. మామూలు మినరల్ ఆయిలు, ట్వంటీ ఫిఫ్టీ అనే చిక్కటి రకం. మేస్త్రి పదకొండేళ్లుగా పోస్తున్నదే.

“నేను పోసినానని తెచ్చినావా?”

“కాదు. పలచటిది అరిగిన బేరింగుల సందుల్లో నిలబడదు. ఇది వేడెక్కినాక కూడా నిలబడతాది.”

“ఇంక?”

“ఆరు నెలలు ఆగకూడదు. మడ్డి ఇంకా కదులుతాంది. వెయ్యి కిలోమీటర్లకే చుక్క చూడాల. జల్లెడ కూడా ఇంకోసారి విప్పాల.”

మేస్త్రి డబ్బాను చేత్తో తడిమి, మూత మీద బొటనవేలు ఆనించి, తిరిగి అతని వైపు జరిపాడు.

“పొయ్యి,” అన్నాడు.

శుక్రవారం ఆరు గంటలకు టీచరు బండి తీసింది. కేశవులు అడక్కుండానే ముందు సీటులో ఎక్కి కూర్చున్నాడు. ఊరు దాటింది మొదలు అతని చూపు ఆయిలు లైటు మీదనే ఉంది. చాపాడు దాటారు. కుందూ వంతెన మీద ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే టీచరు బండి బాగా నెమ్మదించింది. కేశవులు లైటు వైపు ఇంకాస్త వంగాడు.

“ఆ లైటును అట్ల గుచ్చిగుచ్చి చూడొద్దు, నాయనా,” అన్నాడు వెనక పడుకున్న సారు. “దానికి సిగ్గయ్యి ఎర్రబడతాది.”

టీచరు నవ్వింది. లైటు వెలగలేదు. పోయేటప్పుడు వెలగలేదు, వచ్చేటప్పుడు కూడా వెలగలేదు. మధ్యాహ్నం సారును ఇంటి దగ్గర దించి మంచం మీద పడుకోబెట్టేటప్పుడు, ఆయన చెయ్యి బరువు తన భుజం మీద పడితే, కేశవులుకు ఏడుపొచ్చినంత పనయింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

షెడ్డుకు వచ్చి బండి కింద పాత అట్ట పరిచి చూశాడు. ఒక్క చుక్క పడలేదు. గేజీ లాగి, కొత్త కాగితం మీద చుక్క వేసి, తీగకు తగిలించి, కింద అన్నీ రాసి, పేరు కూడా రాశాడు. అప్పుడు వచ్చి స్టూలు పక్కన కూర్చున్నాడు.

మేస్త్రి నల్లద్దాలు తీసి మొహం తుడుచుకుంటున్నాడు. ఆపరేషన్ చేసిన కన్ను తేటగా, చిన్నపిల్లవాడి కన్నులా ఉంది. రెండోది పాల మీగడ కట్టినట్టు మసగ్గానే ఉంది. కేశవులు ఎన్నాళ్లుగానో ఆయన మొహాన్ని అంత దగ్గరగా చూడలేదు.

“ఆ కన్ను ఎప్పుడు, మేస్త్రీ?”

“రెండు నెలలు ఆగమన్నాడు డాక్టరు. ఇది కుదురుకున్నాంక చూద్దామన్నాడు.”

“రెండూ ఒకేసారి చేసింటే ఒక్కసారే పనైపోయేది గదా.”

“నేనూ అదే అడిగినా.”

“ఏమన్నాడు?”

మేస్త్రి అద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. షెడ్డు ముందు ఎండలో నిలబడి ఉన్న ముప్పై ఆరేళ్ల కారు వైపు తిరిగాడు.

“నీ వయసెంత అని అడిగినాడు.”